సైకిల్ సీటు చరిత్ర: మెత్తదనం నుంచి ఆధారం వరకు



సూరత్ నగరంలో తెల్లవారుజామున రోడ్డు పక్కన కాసేపు నిలబడితే రెండు రకాల సైకిళ్లు మన కంటబడతాయి. మొదటిది నల్లని, బరువైన సైకిల్. దాని సీటు వెడల్పుగా ఉంటుంది, కింద స్ప్రింగులు ఉంటాయి. పవర్‌లూమ్ కార్ఖానాలో 12 గంటల రాత్రి షిఫ్టు ముగించుకొని ఇంటికి పోయే కార్మికుడు దాన్ని తొక్కుతుంటాడు. రెండవది సన్నని టైర్లు, కిందికి వంగిన హ్యాండిల్ ఉన్న తేలికపాటి రోడ్ సైకిల్. దాని సీటు సన్నగా, గట్టిగా ఉంటుంది. హెల్మెట్ పెట్టుకున్న యువతీయువకులు దానిమీద సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని డుమస్ సముద్రతీరానికో, ఇంకా దూరంగా నవసారి వైపో సాగిపోతుంటారు.

మొదటి సైకిల్ తొక్కేవారిలో మన తెలుగువారు కూడా ఉంటారు. చేనేతకు గిరాకీ తగ్గిన కాలంలో తెలంగాణ జిల్లాల నుంచి అనేక పద్మశాలి కుటుంబాలు షోలాపూర్, భివండీ, ముంబయిలతో పాటు సూరత్‌కూ వలస వెళ్లాయి. లింబాయత్ ప్రాంతంలో తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడా నడుపుతోందంటే అక్కడ మనవారి సంఖ్య ఎంతో ఊహించుకోవచ్చు.

ఇప్పుడొక ప్రశ్న. ఈ రెండు సీట్లలో ఏది హాయిగా ఉంటుంది? మనలో చాలామంది వెడల్పుగా, మెత్తగా ఉన్నదే హాయి అంటాం. దూరప్రయాణం మొదలుపెట్టే కొత్తవారు కూడా దుకాణానికి వెళ్లి వేలితో నొక్కి చూసి, బాగా దిగబడే సీటునే కొంటారు. రెండు గంటలు తొక్కిన తర్వాత నొప్పి, తిమ్మిరి మొదలవుతాయి. కొందరు సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోరు. కొందరు సైకిలే మానేస్తారు. ఈ పొరపాటు కొత్తదేమీ కాదు. సైకిల్ పుట్టిన నాటి నుంచీ మనుషులు దీన్ని చేస్తూ, దిద్దుకుంటూ, మళ్లీ మరిచిపోతూ వచ్చారు. ఆ చరిత్రను ఈ పాఠంలో తెలుసుకుందాం.

గుర్రపు జీను నుంచి సైకిల్ సీటు

1817లో జర్మనీలోని మన్‌హైమ్ నగరంలో కార్ల్ డ్రైస్ అనే ఆయన రెండు చక్రాల బండిని తయారుచేశాడు. దానికి పెడళ్లు లేవు. మనిషి దానిమీద కూర్చొని కాళ్లతో నేలను తన్నుతూ ముందుకు పోవాలి. కూర్చోవడానికి మెత్త కుట్టిన సీటు ఉండేది. కాళ్లు ఎప్పుడూ నేలను తాకుతుండేవి కాబట్టి శరీర భారమంతా సీటు మీద పడేది కాదు.

1860 దశకంలో ఫ్రాన్సులో పియర్ మిషో కర్మాగారం నుంచి, ముందు చక్రానికి పెడళ్లు బిగించిన సైకిళ్లు వచ్చాయి. చెక్క చక్రాలు, వాటిమీద ఇనుప పట్టాలు, కింద రాళ్లు పరిచిన వీధులు. ఆంగ్లేయులు ఆ బండికి ‘ఎముకలు కదిలించేది’ అని పేరు పెట్టారంటే దానిమీద ప్రయాణం ఎలా ఉండేదో అర్థమవుతుంది. కుదుపు తగ్గించడానికి సీటును పొడవాటి ఉక్కు బద్ద మీద అమర్చారు. అది స్ప్రింగులా ఊగేది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆంగ్లంలో గుర్రపు జీనుకు, సైకిల్ సీటుకు ఒకే మాట వాడతారు. మనం మాత్రం కుర్చీకి, బస్సుకు, సైకిల్‌కు కూడా ‘సీటు’ అనే అంటాం. అందువల్ల సైకిల్ సీటు కూడా కుర్చీ లాంటిదే అనుకుంటాం. నిజానికి అది జీనుకే దగ్గర. కుర్చీలో మన బరువు తొడలమీద, పిరుదుల మీద పరుచుకుంటుంది. సైకిల్ మీద ఆ బరువును చేతులు, పాదాలు, సీటు పంచుకుంటాయి. పైగా కాళ్లు నిరంతరం ఆడుతుండాలి. అందుకే సీటు ముందు భాగం సన్నగా, వెనుక భాగం వెడల్పుగా రూపొందింది.

బ్రూక్స్ తోలు సీటు

జాన్ బౌల్ట్‌బీ బ్రూక్స్ 1866లో ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్‌లో గుర్రపు సామగ్రి, తోలు వస్తువుల వ్యాపారం ప్రారంభించాడు. 1878లో ఆయన గుర్రం చనిపోయింది. మరో గుర్రం కొనే స్తోమత లేక పనికి వెళ్లిరావడానికి ఒక సైకిల్ అరువు తెచ్చుకున్నాడని ఆ సంస్థ చరిత్ర చెబుతుంది. దాని సీటు ఆయనను బాధపెట్టింది. జీనుల పనివాడు కాబట్టి ఊరుకోలేదు. ప్రయోగాలు చేసి, 1882 అక్టోబర్ 28న తన సీటుకు పేటెంటు దరఖాస్తు చేశాడు.

ఆ సంప్రదాయంలో రూపొందిన తోలు సీటు పనిచేసే తీరు మన నులక మంచానికి చాలా దగ్గర. మంచానికి పట్టె మీద నులకను బిగించి అల్లుతాం. దానిలో దూది లేదు, స్పాంజి లేదు. అయినా పడుకుంటే ఒళ్లు నొప్పి పుట్టదు. కారణం నులకలో ఉన్న బిగువు. బరువు పడిన చోట కొద్దిగా దిగి, శరీరపు ఆకారాన్ని అందుకుంటుంది. వదులైపోతే మాత్రం నడుము నొప్పి తప్పదు, మళ్లీ బిగించుకోవాలి. తోలు సీటు కూడా అంతే. మందపాటి తోలును ముందొక చోట, వెనుకొక చోట ఇనుప చట్రానికి రివిట్లతో బిగిస్తారు. మధ్యలో కింద ఖాళీయే. కొన్ని వందల కిలోమీటర్లు తొక్కేసరికి తోలు ఆ మనిషి శరీరానికి తగినట్టు సర్దుకుంటుంది. సాగిపోతే ముందుభాగం కింద ఉన్న మరను తిప్పి బిగించవచ్చు.

బ్రూక్స్ సంస్థ 19వ శతాబ్ది చివరి దశకంలో ప్రవేశపెట్టిన బి17 అనే సీటు నేటికీ అమ్ముడవుతోంది. దానిలో మెత్త లేదు. అయినా దూరప్రయాణికులు దాన్ని వదలలేదు. హాయికి కారణం మెత్తదనం ఒక్కటే కాదని చెప్పడానికి ఇది మొదటి సాక్ష్యం.

గాలి టైరు తెచ్చిన మార్పు

1885లో జాన్ కెంప్ స్టార్లీ రూపొందించిన రోవర్ సైకిల్ మనం నేడు వాడే సైకిల్‌కు మూలం. రెండు చక్రాలు దాదాపు సమానంగా ఉండి, వెనుక చక్రాన్ని గొలుసు తిప్పేది. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బోయ్డ్ డన్‌లప్ గాలి నింపిన టైరుకు పేటెంటు పొందాడు. దాంతో కుదుపును తగ్గించే పనిలో పెద్ద భాగం టైరుకు వెళ్లిపోయింది. సీటుకు బరువైన స్ప్రింగుల అవసరం తగ్గింది. పందెపు సైకిళ్లలో సీటు సన్నబడింది, తేలికైంది.

దూరాలు కూడా పెరిగాయి. 1891లో పారిస్ నుంచి బ్రెస్ట్ రేవుకు వెళ్లి తిరిగి పారిస్ చేరే దాదాపు 1200 కిలోమీటర్ల పందెం జరిగింది. చార్లెస్ తెరోఁ దాన్ని 71 గంటల 22 నిమిషాల్లో పూర్తిచేసి గెలిచాడు. అంతసేపు సైకిల్ మీద ఉన్నవాడికి సీటు చిన్న విషయం కాదు కదా!

అప్పుడే సైకిల్ సామాన్యుల చేతికి వచ్చింది. ఐరోపా, అమెరికాలలో స్త్రీలు కూడా పెద్దసంఖ్యలో సైకిల్ ఎక్కారు. ఇది చాలామంది పెద్దమనుషులకు నచ్చలేదు. సీటు ఒత్తిడి వల్ల ఆరోగ్యం పాడవుతుందని కొందరు వైద్యులు హెచ్చరించారు. ఆ హెచ్చరికల్లో సగం నిజం, సగం స్త్రీలు బయట తిరగడం మీద అయిష్టం. కానీ నిజమైన సగానికి తయారీదారులు జవాబు వెతికారు. 1890 దశకంలో అమెరికాలో అమ్మిన క్రిస్టీ సీటు అలాంటి జవాబు. దానిలో రెండు ఎముకల కింద రెండు చిన్న మెత్తలు ఉండేవి. మధ్య భాగంలో ఒత్తిడి పడకుండా ఖాళీ ఉండేది.

అదే దశకంలో ఇంగ్లాండులోని డర్స్‌లీ పట్టణంలో మికేల్ పెడర్సన్ అనే డెన్మార్క్ దేశస్థుడు మరో దారి పట్టాడు. ఆయన దారాలతో అల్లిన ఊయల లాంటి సీటు తయారుచేశాడు. ముందు సన్నగా ఉండి వెనక్కి విసనకర్రలా విచ్చుకునే దారాలవి. మామూలు ఫ్రేముకు అది అమరకపోవడంతో, ఆ సీటును వేలాడదీయడానికి వీలుగా సైకిల్ ఫ్రేమునే కొత్తగా రూపొందించాడు. సైకిల్‌కు సీటు అమర్చడం అందరూ చేసే పని. పెడర్సన్ సీటు కోసం సైకిల్‌ను అమర్చాడు. పడుగు దారాల బిగువు తెలిసిన నేతగాడికి ఆ సీటు రహస్యం చెప్పనక్కరలేదు.

ఈ మంచి ఆలోచనలు ఎందుకు నిలవలేదు? 19వ శతాబ్ది ముగిసేసరికి సైకిల్ మీద ధనవంతుల మోజు తగ్గి, వారి దృష్టి మోటారు కారు వైపు మళ్లింది. సైకిల్ కార్మికుల, చిరుద్యోగుల వాహనమైంది. చౌకగా, ఒకే నమూనాలో లక్షలకొద్దీ తయారయ్యే వస్తువులో ఒక్కొక్కరి కొలతకు చోటు ఉండదు. దాంతో సీటు అందరికీ ఒకే సైజుగా మిగిలింది.

భారతదేశంలో సైకిల్ సీటు

బ్రిటిష్ పాలనలో సైకిళ్లు మన దేశానికి దిగుమతి అయ్యేవి. వాటిమీద మనవారు చేసిన దూరప్రయాణాల్లో పార్సీ యువకుల యాత్రలు ప్రసిద్ధం. సూరత్, నవసారి పట్టణాలతో శతాబ్దాల అనుబంధం గల పార్సీలు తర్వాతి కాలంలో బొంబాయిలోనూ స్థిరపడ్డారు. 1923 అక్టోబర్ 15న బొంబాయి వెయిట్ లిఫ్టింగ్ క్లబ్బుకు చెందిన ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్ల మీద ప్రపంచయాత్రకు బయలుదేరారు. వారిలో ఆది హకీమ్, జాల్ బాపసోలా, రుస్తుం భుంగరా అనే ముగ్గురు సుమారు 71,000 కిలోమీటర్లు తిరిగి, 1928 మార్చిలో బొంబాయి చేరుకున్నారు. వారి యాత్రా గ్రంథం 1931లో వెలువడింది. ఆనాటికి ప్లాస్టిక్ సీటు లేదు, జెల్ మెత్త లేదు. ఎడారులను, కొండలను దాటిన ఆ కాలపు యాత్రికులకు దొరికింది తోలు సీటే.

స్వాతంత్ర్యం తర్వాత సైకిల్ మన దేశంలోనే భారీ ఎత్తున తయారైంది. మద్రాసులో టి.ఐ. సైకిల్స్ 1949లో, సోనీపత్‌లో అట్లాస్ 1951లో, లుధియానాలో హీరో 1956లో మొదలయ్యాయి. పాలవాడు, పోస్ట్‌మన్, ఉపాధ్యాయుడు, బట్టల మూట కట్టుకొని ఊరూరా తిరిగే నేతగాడు, అందరూ ఆ సైకిళ్లనే వాడారు. నిటారుగా కూర్చునే సైకిల్ కాబట్టి వెడల్పు సీటు, కింద చుట్టల స్ప్రింగులు దానికి తగినవే. గతుకుల రోడ్డుమీద నెమ్మదిగా, తక్కువ దూరం పోయేవారికి ఆ సీటు న్యాయమే చేసింది. అందువల్ల దాన్ని తప్పుపట్టనక్కరలేదు. అదే సీటును వంగి తొక్కే రోడ్ సైకిల్‌కు బిగించి 100 కిలోమీటర్లు పోవాలనుకున్నప్పుడే చిక్కు వస్తుంది.

ప్లాస్టిక్, స్పాంజి, మళ్లీ వైద్యుల హెచ్చరిక

1960 దశకంలో ఇటలీకి చెందిన చినెల్లీ సంస్థ ప్లాస్టిక్ పెంకుతో చేసిన సీటును ప్రచారంలోకి తెచ్చింది. అది తోలు కన్నా తేలిక. వానకు తడిసినా చెడదు. తర్వాత ఆ పెంకు మీద స్పాంజి, పైన పలుచని తోలు లేదా రెక్సిన్ తొడగడం మామూలైంది. కొంతకాలానికి జెల్ మెత్తలు వచ్చాయి. దుకాణంలో నొక్కి చూస్తే ఎంత దిగితే అంత మంచిదన్న నమ్మకం అప్పుడే బలపడింది.

మెత్తని సీటు దూరప్రయాణంలో ఎందుకు బాధపెడుతుంది? మన కటివలయం అడుగున ఎడమ, కుడి వైపుల రెండు ఎముకల కొనలు ఉంటాయి. గట్టి బల్లమీద కూర్చొని అటూఇటూ కదిలితే అవి తెలుస్తాయి. వాటిని కూర్చునే ఎముకలు అందాం. బరువు మోయగలిగేవి అవే. వాటి నడుమ ఉన్న మెత్తని భాగంలో సున్నితమైన నాడులు, రక్తనాళాలు ఉన్నాయి. సీటు మరీ మెత్తగా ఉంటే ఎముకలు లోపలికి దిగిపోతాయి. అప్పుడు వాటి నడుమ ఉన్న స్పాంజి పైకి ఉబికి, ఒత్తిడి ఎక్కడ పడకూడదో అక్కడే పడుతుంది. తిమ్మిరికి కారణం ఇదే.

1990 దశకంలో ఈ విషయం మీద వైద్యుల్లో మళ్లీ చర్చ లేచింది. తయారీదారులు మధ్యలో గాడి లేదా రంధ్రం ఉన్న సీట్లు తెచ్చారు. స్త్రీల శరీర నిర్మాణాన్ని దృష్టిలో పెట్టుకొన్న సీట్లు కూడా వచ్చాయి. కొత్త ఆవిష్కరణలుగా ప్రచారమైన ఈ ఆలోచనలు 1890 దశకపు క్రిస్టీ సీటులో అప్పటికే ఉన్నాయని మీకు ఇప్పుడు తెలుసు.

2008లో అమెరికా జాతీయ వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. అయిదు మహానగర ప్రాంతాల్లో సైకిల్ మీద గస్తీ తిరిగే 90 మంది పురుష పోలీసులకు ముందుకొన లేని సీట్లు ఇచ్చి, ఆరు నెలలు వాడించారు. తొక్కేటప్పుడు తిమ్మిరి లేదని చెప్పినవారు మొదట 27 శాతమే. ఆరు నెలల తర్వాత వారు 82 శాతమయ్యారు. ఈ అధ్యయనం పందెగాళ్ల మీద కాక, సైకిల్ మీదే ఉద్యోగం చేసేవారి మీద జరిగిందని గుర్తుంచుకోండి. రోజంతా సైకిల్ మీద గడిపే శ్రామికుడికి సీటు ఆరోగ్య సమస్య. తిమ్మిరిని ఓర్చుకోవడం శౌర్యం కాదు. అది పనిముట్టులో లోపముందని శరీరం చెప్పే మాట.

దూరప్రయాణానికి సీటు ఎంపిక

ఫ్రాన్సులో పుట్టిన బ్రెవే అనే దూరప్రయాణాలు 2010 తర్వాత మన దేశంలోనూ వ్యాపించాయి. వాటిలో గెలుపోటములు లేవు. నిర్ణీత సమయంలో దూరం పూర్తిచేస్తే చాలు. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20 గంటలు, 400కు 27 గంటలు, 600కు 40 గంటలు గడువు. ఒక లెక్క వేయండి. గంటకు 20 కిలోమీటర్ల చొప్పున 200 కిలోమీటర్లకు 10 గంటలు. నిమిషానికి 80 సార్లు పెడల్ తిరిగితే మొత్తం 48,000 చుట్లు. అంటే ప్రతి తొడ సీటు అంచు పక్కగా 48,000 సార్లు కదులుతుంది. ముందు భాగం ఎందుకు సన్నగా ఉండాలో ఈ లెక్కే చెబుతుంది.

ఇన్నేళ్ల చరిత్ర నేర్పిన పాఠాలను ఎంపికకు ఎలా వాడుకోవాలో వరుసగా చూద్దాం.

మొదటిది, కూర్చునే తీరు. నిటారుగా కూర్చుంటే బరువు ఎక్కువగా సీటు వెనుక భాగం మీద పడుతుంది, వెడల్పు సీటు కావాలి. వంగి తొక్కితే కటివలయం కూడా ముందుకు వాలుతుంది, కొంత సన్నని సీటు సరిపోతుంది. కాబట్టి మిత్రుడికి హాయిగా ఉన్న సీటు మనకూ హాయిగా ఉంటుందని చెప్పలేం.

రెండవది, వెడల్పు. దీన్ని ఇంట్లోనే కొలవవచ్చు. గట్టి స్టూలు మీద అట్టపెట్టె ముక్క వేసి, పలుచని బట్టలతో దానిమీద కూర్చొని, మోకాళ్లు కొద్దిగా పైకెత్తి అర నిమిషం ఉండండి. లేచి చూస్తే అట్టమీద రెండు గుంటలు పడతాయి. వాటి మధ్య బిందువుల నడుమ దూరం కొలవండి. పెద్దవారిలో ఇది సాధారణంగా 10 నుంచి 14 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. దానికి 2 నుంచి 3 సెంటీమీటర్లు కలిపితే రోడ్ సైకిల్ సీటుకు కావలసిన వెడల్పు ఉజ్జాయింపుగా వస్తుంది. స్త్రీలలో సగటున ఈ దూరం కొంత ఎక్కువ. కానీ సగటును నమ్ముకోకండి, ఎవరి కొలత వారిదే. మనిషి లావు, సన్నం చూసి ఈ కొలత చెప్పడం కూడా సాధ్యం కాదు.

మూడవది, మెత్తదనం. అరగంట ప్రయాణానికి మెత్తని సీటు బాగానే ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ గట్టి ఆధారం, దానిమీద పలుచని మెత్త ఉన్నదే మేలు. సీటు పైన వేసుకునే మందపాటి జెల్ తొడుగు అటూఇటూ జరిగి రాపిడిని పెంచవచ్చు.

నాలుగవది, మధ్యలో గాడి. తిమ్మిరి వచ్చేవారిలో చాలామందికి గాడి లేదా రంధ్రం ఉన్న సీటు ఉపశమనం ఇస్తుంది. కొందరికి ఆ రంధ్రపు అంచులే గుచ్చుకుంటాయి. అందుకే తిరిగి తీసుకునే దుకాణంలో కొనడం, లేదా తెలిసినవారి సీటు అడిగి కొన్ని రోజులు వాడి చూడడం మంచిది.

అయిదవది, అమరిక. మంచి సీటు కూడా తప్పుగా బిగిస్తే బాధిస్తుంది. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు స్వల్పంగా మాత్రమే వంగాలి. సీటు మరీ ఎత్తయితే పిరుదులు అటూఇటూ ఊగి చర్మం ఒరుసుకుంటుంది. మరీ తక్కువైతే కాళ్లు బరువు తీసుకోక, భారమంతా సీటు మీదే పడుతుంది. సీటు మొదట నేలకు సమాంతరంగా ఉండాలి. ముందుకొన పైకి లేస్తే తిమ్మిరి, బాగా కిందికి వాలితే ముందుకు జారి చేతులకు నొప్పి. మార్చేటప్పుడు ఒకసారికి కొద్ది మిల్లీమీటర్లే మార్చి, తొక్కి చూడాలి. కొత్త సీటు అయినా, కొత్త అమరిక అయినా నేరుగా 200 కిలోమీటర్లకు పోకూడదు.

ఆరవది, బట్ట. పూర్వం దూరప్రయాణికులు ఉన్ని లాగులకు లోపల షామీ అనే కొండమేక జాతి జంతువు తోలును కుట్టించుకునేవారు. 1958లో అమెరికాలో కనుగొన్న సాగే కృత్రిమ దారం తర్వాతి దశాబ్దాల్లో ఉన్ని స్థానాన్ని ఆక్రమించింది. ఇప్పుడు లోపలి మెత్త కూడా కృత్రిమ వస్త్రమే. కృత్రిమ వస్త్రాలకు దేశంలోనే పెద్ద కేంద్రమైన సూరత్ విద్యార్థులకు ఇది దగ్గరి విషయం. చెమటను పీల్చి బయటికి పంపే నేత, ఒంటికి అంటి ముడతలు పడని కోత, తొడల మధ్య కుట్టు రాకుండా చూసుకోవడం, ఈ మూడూ సీటు అంత ముఖ్యమే. ఉక్కపోసే సూరత్ వాతావరణంలో ప్రయాణం ముగిసిన వెంటనే ఆ బట్టలు మార్చుకోవాలి. తోలు సీటు ఉన్నవారు వానాకాలంలో దానికి తొడుగు వేయాలి, తడిస్తే ఎండలో కాక నీడలో ఆరబెట్టాలి.

చివరిది, ఓర్పుకు హద్దు. కొత్తగా మొదలుపెట్టినవారికి మొదటి రెండు మూడు వారాలు కండరాల్లో, ఎముకల చోట కొంత నొప్పి సహజం. అలవాటుతో తగ్గుతుంది. తిమ్మిరి, పుండ్లు మాత్రం అలవాటుతో పోయేవి కావు. అవి వస్తే ప్రయాణం ఆపి సీటును, అమరికను సరిచేసుకోవాలి. అయినా తగ్గకపోతే వైద్యుణ్ణి సంప్రదించాలి.

ముగింపు

2020 ప్రాంతం నుంచి కొన్ని సంస్థలు త్రీడీ ముద్రణతో సీట్లు తయారుచేస్తున్నాయి. వాటిలో స్పాంజి బదులు సన్నని పోగుల జాలీ ఉంటుంది. ఎముకల కింద జాలీ గట్టిగా, మిగిలిన చోట వదులుగా ఉండేలా దాన్ని రూపొందిస్తారు. పెడర్సన్ దారాల ఊయలకు, ఈ జాలీకి మధ్య 100 ఏళ్లకు పైగా దూరం ఉన్నా రెండింటి వెనుక ఉన్న ఆలోచన ఒకటే. బరువు మోయగల చోట ఆధారం ఇవ్వాలి, మోయలేని చోటును వదిలేయాలి.

అయితే ఈ ఖరీదైన సీట్లు డుమస్ దారిలో పోయే కొద్దిమందికే అందుతాయి. లింబాయత్ కార్మికుడి సీటు ఇప్పటికీ అందరికీ ఒకే సైజు. ప్రభుత్వాలు బాలికలకు సైకిళ్లు పంచే పథకాలు బిహార్‌లో 2006లోనూ, అలాగే ఇతర రాష్ట్రాల్లోనూ వచ్చాయి. ఎందరో అమ్మాయిలు ఆ సైకిళ్ల మీద బడికి వెళ్లారు. ఆ సైకిళ్లకు రెండు మూడు వెడల్పుల సీట్లలో నచ్చినది ఎంచుకునే వీలు ఇవ్వడం పెద్ద సాంకేతిక సమస్య కాదు. అడిగేవారు ఉండాలి. మీలో రేపటి ఇంజనీర్లు, డిజైనర్లు, అధికారులు ఉన్నారు. ఆ ప్రశ్న మీ వంతు.

చేసి చూడండి

1. పైన చెప్పిన అట్టముక్క పద్ధతిలో మీ ఇంట్లో ముగ్గురి కొలతలు తీసి, వారు వాడే సైకిల్ సీటు వెడల్పుతో పోల్చండి.

2. మీ తాతయ్యను గానీ, ఇరుగుపొరుగు పెద్దలను గానీ వారు తొక్కిన మొదటి సైకిల్ గురించి అడగండి. సీటు దేనితో చేసింది? రోజుకు ఎంత దూరం తొక్కేవారు? నొప్పి పుడితే ఏంచేసేవారు? వారి మాటల్లోనే రాసిపెట్టుకోండి. సైకిల్ సీటు చరిత్రలో ఆ భాగం ఇంకా ఎవరూ పూర్తిగా రాయలేదు.